హుమాయూన్ మేస్త్రి గీసిన ఇల్లు

విజయవాడ ఆటోనగర్లో బండ్లకి బాడీలు కట్టే మేస్త్రీలు ఎంతమందని అడిగితే చెప్పటం కష్టం. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్లో నుంచుని హారన్లు లెక్కపెట్టినంత పని. కానీ బండి కట్టకముందే అందులో కాపురం పెట్టించే మేస్త్రి ఎవరని అడగండి, టీకొట్టు దగ్గరున్న ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. "హుమాయూన్ భాయ్ షెడ్డండీ. ఆ వెల్డింగ్ షాపు వెనకాల. ఓపికుంటేనే వెళ్ళండి" అని ఒక మాట కూడా కలుపుతారు.

ఓపిక మాట నిజమే. హుమాయూన్ మేస్త్రికి అరవై రెండేళ్ళు. ఆరడుగుల మనిషి. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో సుద్దముక్కలు. బందరులో పుట్టి, పంతొమ్మిదేళ్ళప్పుడు లారీ క్యాబిన్ల వడ్రంగం నేర్చుకుందామని ఈ ఊరొచ్చాడు. అప్పట్నించి ఆయన చెయ్యి పడని బండి లేదు. కైకలూరు చేపల బండ్లు, స్కూలు బస్సులు, టిఫిన్ బండ్లు, పెళ్ళి బ్యాండు వాళ్ళ లైట్ల బండ్లు, ఆఖరికి మనిషిని ఆఖరిసారి తీసుకెళ్ళే బండి కూడా కట్టాడు. ఇన్ని కట్టినవాడు కాగితం మీద బొమ్మని మాత్రం నమ్మడు. ఎవరైనా ఫోన్ తీసి "ఇలాంటిది కావాలండీ" అని చూపించబోతే ఒళ్ళు మండుతుంది. "ఫోన్లో బండి బ్రహ్మాండంగా ఉంటుందండీ. ఫోన్లో ఎవరి మోకాలూ దేనికీ తగలదు" అంటాడు.

ఒకసారి ఓ స్కూలు బస్సు కట్టి, రంగులు కూడా వేశాక, పక్క సందులోంచి ఐదేళ్ళ పిల్లని పిలిచి ఎక్కమన్నాడు. ఆ పిల్ల మెట్టు మీద చేతులేసి, మోకాలేసి, పాకుతూ ఎక్కింది. స్కూలు వాళ్ళు చూసి ముచ్చటపడి నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "పిల్ల కాలందనిది మెట్టెలా అవుతుంది? గోడవుతుంది" అని ఆ పూటే కింద ఇంకో మెట్టు దించాడు. దించమని అడిగినవాళ్ళు లేరు, దించినందుకు మెచ్చుకున్నవాళ్ళూ లేరు. అదీ ఆ మనిషి.

అలాంటి మనిషి షెడ్డుకి మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఏడింటికే ఒక చిన్న కుటుంబం వచ్చింది. సాయిగణేష్, అతని భార్య శ్రీదుర్గ, వాళ్ళ నాలుగేళ్ళ కూతురు చిన్ని. ఆటోలోంచి గ్యాసు పొయ్యి, కుక్కరు, బియ్యం, కూరగాయలు, దుప్పట్లు, దిండ్లు, చిన్ని బొమ్మలు, ఒక మైక్రోస్కోపు పెట్టె దించుకుంటుంటే ఎదుటి షాపు వాచ్‌మన్ "ఇల్లు మారుతున్నారా అండీ" అని అడిగాడు. అవునో కాదో శ్రీదుర్గకే తెలియదు. నవ్వి ఊరుకుంది.

సంగతేమిటంటే, సాయిగణేష్ రొయ్యల చెరువుల టెక్నీషియన్. రైతులు 'డాక్టరు గారూ' అంటారు. నీళ్ళు పరీక్ష చేసి ఉప్పెంతుంది, అమ్మోనియా ఎంతుంది, రొయ్యకి జబ్బుందా లేదా చెప్పటం అతని పని. సోమవారం తెల్లారేసరికి నాగాయలంకలో ఉంటాడు. అక్కణ్ణుంచి బంటుమిల్లి, కృత్తివెన్ను, కైకలూరు తిరిగి, శనివారం సాయంత్రానికి పటమటలో ఇంటికొస్తాడు. చెరువుల మీద ఉండేవాళ్ళ బతుకంతే. మూడేళ్ళుగా ఇదే వరస. మొన్న ఉగాది వెళ్ళిన సోమవారం అతను బ్యాగు తగిలించుకుంటుంటే చిన్ని గుమ్మం దాకా వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాలకి అమ్మ చెప్పినట్టే, చేతులు కట్టుకుని "మళ్ళీ రండి నాన్నా" అంది. 'రా' అనలేదు, 'రండి' అంది. అతను మెట్లు దిగి బస్టాండు దాకా వెళ్ళాక ఫోన్ చేశాడు. "దుర్గా, మనం ఒక బండి కొందాం. అందులోనే అందరం ఉందాం" అన్నాడు.

కొన్నాడు కూడా. ఆఫీసు ఉద్యోగుల్ని తిప్పిన పాత టెంపో ట్రావెలర్ ఒకటి దొరికింది. సీట్లు పీకేస్తే డ్రైవరు వెనకాల పదడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు జాగా. దానికి అతనే ప్లాను గీశాడు. ఏదో దేశంలో ఎవరో కట్టుకున్న బండి చూసి గీసిన ప్లాను. వెనక అడ్డంగా మంచం. కుడివైపు పొడుగ్గా తన పరీక్షల బల్ల, పక్కనే శాంపిళ్ళ ఫ్రిజ్జు. ఎడమవైపు తలుపు దగ్గర పొయ్యి. మూలన చిన్న టాయిలెట్. చిన్నికి బెల్టున్న సీటు. రంగు పెన్సిళ్ళతో గీసి, భార్యకి చూపించి, పదో క్లాసు మార్కులు చెప్పే కుర్రాడిలా నుంచున్నాడు. శ్రీదుర్గ చూసి "బాగుందండీ" అంది.

అన్నది గానీ, అదే సాయంత్రం చల్లపల్లిలో తన పాత హెడ్‌మాస్టారికి ఫోన్ చేసింది. చిన్ని పుట్టకముందు ఆమె అక్కడ లెక్కల టీచరు. ఇప్పుడా స్కూలుకి ఆయనే కరస్పాండెంటు. "జూన్‌లో చేరతానంటే ఎనిమిది, తొమ్మిది, పదో క్లాసులు నీకేనమ్మా. కాకపోతే వచ్చే సోమవారం పదింటికల్లా చెప్పెయ్యాలి" అన్నాడాయన. అదే ఊళ్ళో అమ్మ వెంకటరత్నమ్మ ఇంట్లో మేడ మీద గది ఖాళీగానే ఉంది. చిన్నిని తీసుకుని అక్కడికి వెళ్ళిపోవచ్చు. అప్పుడు అతని బండి అతనికి, ఆమె బడి ఆమెకి. ఈ సంగతి భర్తకి చెప్పలేదు. చెబితే ఆ రంగు పెన్సిళ్ళ మొహం ఏమైపోతుందోనని భయం. ఆ సోమవారం రేపే. బండి ప్లాను ఖాయం చేసేది ఇవాళ.

షెడ్డులో అడుగుపెట్టేసరికి నున్నటి సిమెంటు నేల మీద బండి పడుకుని ఉంది. అంటే బండి కాదు, సుద్దతో గీసిన బండి. పదడుగులు, ఐదున్నర అడుగులు, అంగుళం తేడా లేకుండా. సాయిగణేష్ ముందే ఇచ్చి వెళ్ళిన ప్లానులో ఉన్నదంతా అందులో ఉంది. వంట సామాను, పక్కలు తెచ్చుకోమన్నది కూడా మేస్త్రే. మంచం ఉండాల్సిన చోట చేపల ట్రేలు పేర్చి పైన పరుపేశాడు మేస్త్రి. బల్ల బదులు డ్రమ్ముల మీద ప్లైవుడ్. టాయిలెట్ బదులు నాలుగు కర్రలకి కట్టిన గోనెపట్టా. తలుపు దగ్గర గీత మీద ఒక చెక్కమెట్టు, అది ఫుట్‌బోర్డు.

"సాయంత్రం ఆరింటి దాకా ఇదే మీ ఇల్లండీ. వండుకోండి, తినండి, పడుకోండి, పోట్లాడుకోండి, మీ ఇష్టం. గీత మాత్రం గోడనుకోండి. తలుపులోంచి దిగితే తప్పులేదు. గోడలోంచి బయటికొచ్చినా, వస్తువుల మీంచి దాటినా, ఇదిగో ఇక్కడ మీ పేరు కింద ఒక గీటు పెడతా" అన్నాడు మేస్త్రి. షెడ్డు గోడ మీద మూడు పేర్లు అప్పటికే రాసి ఉన్నాయి.

ఈయనకేదో పిచ్చనుకుంది శ్రీదుర్గ. అనుకుంటూనే చెప్పులు విడిచి, ఫుట్‌బోర్డు ఎక్కి, గీత లోపలికి అడుగు పెట్టింది. కుడికాలే ముందు పెట్టానని పెట్టాక గమనించుకుంది.

మొదటి గీటు పడటానికి ఐదు నిమిషాలు పట్టలేదు. సాయిగణేష్ ఫోన్ మోగింది. కృత్తివెన్ను నుంచి ఒక రైతు, చెరువులో ఆక్సిజన్ పడిపోతోందట. "ఏరేటర్లన్నీ వేశారా? అన్నీ వేశారా?" అంటూ సాయిగణేష్ లేచి, పొయ్యి మీంచి దాటి, గోడలోంచి నడుచుకుంటూ షెడ్డు గేటు దాకా వెళ్ళిపోయాడు. ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరిగి చూస్తే తన ఇల్లు ఇరవై గజాల అవతలుంది. మేస్త్రి రెండు గీట్లు పెట్టాడు.

చిన్ని సంగతి చెప్పనక్కర్లేదు. దానికి గోడలన్నీ తలుపులే. నలభై దాటాక మేస్త్రి కూడా లెక్క మానేశాడు. "అది పిల్లండీ, దానికి గీటు పెడితే నాకు పాపం" అని సుద్దముక్క దాని చేతికే ఇచ్చాడు. అది తన పేరు కింద ఒక ఏనుగుని గీసుకుంది.

పదకొండింటికి శ్రీదుర్గ టమాటా పప్పు, కోడిగుడ్డు వేపుడు చేసింది. పొయ్యి దగ్గర నుంచుంటే భర్త బల్ల దగ్గరికి వెళ్ళటానికి దారి ఉండదు. అందుకని తలుపు పక్కన మూలకి ఒదిగి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూరలు తరుక్కుంది. అతను మైక్రోస్కోపు తీసి బల్ల మీద పెడితే మోకాళ్ళు ముడుచుకుంది. చిన్ని నిద్రపోతే మంచం చివర పీటంత చోటులో కూర్చుంది. అతను పడుకుని చూద్దామని పరుపు మీద వాలితే పాదాలు రెండూ గోడ దాటి బయటికొచ్చాయి. ఐదడుగుల పది అంగుళాల మనిషి, ఐదున్నర అడుగుల మంచం. బొమ్మలో మనిషిని గీసుకోలేదు మరి. ఇంకో గీటు పడింది.

మధ్యాహ్నం మేస్త్రి భార్య సాలేహా పెద్ద క్యానులో మజ్జిగ తెచ్చింది. గుండ్రటి మొహం, పొట్టి మనిషి. భర్త పక్కన నుంచుంటే భుజం దాకా రాదు. ఒక డ్రమ్ము బోర్లించుకుని దాని మీద కూర్చుని, సుద్దగీతల ఇంట్లో వాళ్ళ కాపురాన్ని టీవీ చూసినట్టు చూసింది. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారండీ పెద్దలు. మా ఆవిడ మాత్రం అలా కాదు" అన్నాడు సాయిగణేష్ మజ్జిగ తాగుతూ, హుషారుగా. ఆ సామెత కట్టినవాడెవడో గానీ మగవాడే అయ్యుంటాడు. ఇల్లు ఇరకటమైతే మొగుడేమవుతాడో చెప్పకుండా తప్పించుకున్నాడు. సాలేహా నవ్వలేదు. శ్రీదుర్గ వైపు చూసి, తర్వాత మేస్త్రి వైపు చూసింది.

ఐదింటికి శ్రీదుర్గ క్లాసు. ఊళ్ళో ఆరుగురు పిల్లలకి ఆమె ఫోన్లో లెక్కలు చెబుతుంది. ప్లానులో దానికి చోటు లేదు, ఆమె అడగనూ లేదు. 'ఎక్కడో ఒకచోట కూర్చుని చెప్పేస్తాలే' అనుకుంది. ఆ ఎక్కడో ఒకచోటు ఫుట్‌బోర్డు అయింది. వీపు తలుపు గీతకి ఆనకుండా జాగ్రత్తగా కూర్చుని, ఫోన్ ఒక మోకాలి మీద, నోటుపుస్తకం ఇంకో మోకాలి మీద పెట్టుకుని గంటసేపు త్రికోణాలు చెప్పింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా ఆ గంటా ఆమె మొహం వేరు. గొంతు కూడా వేరు. పొద్దుటినుంచి 'ఊ' అనీ, 'సరే' అనీ నడిచిన గొంతు ఇప్పుడు "కాదురా, మళ్ళీ చూడు, ఏ కోణం ఎదురుగా ఏ భుజం?" అని గద్దిస్తోంది. మేస్త్రి చేతిలో పని ఆపి విన్నాడు. ఆయనకి త్రికోణాలు రావు. ఆయన విన్నది అది కాదు.

ఆరయింది. అందరూ గోడ దగ్గరికి వచ్చారు. సాయిగణేష్ కింద ముప్ఫై ఒక్క గీట్లు. చిన్ని కింద ఏనుగు. శ్రీదుర్గ కింద ఏమీ లేదు.

"చూశారా మేస్త్రిగారూ" అన్నాడు సాయిగణేష్, నిజంగానే గర్వంగా. "నాకే అలవాటు కావాలి. మా ఆవిడకి ఈ ప్లాను కొలిచినట్టు సరిపోయింది. ఒక్కటంటే ఒక్క గీత దాటలేదు. ఇదే ఖాయం చేసేద్దాం."

"ఈ ప్లాను పనికిరాదండి" అన్నాడు మేస్త్రి.

"అదేంటండీ? మంచం పొడవంటే నేను కాళ్ళు ముడుచుకుని..."

"మీ కాళ్ళ సంగతి కాదు. ముప్ఫై ఒక్కసార్లు దాటిన మనిషికి నేను ఇల్లు కట్టగలను. ఎక్కడ ఇరుకో చెప్పారు కదా మీరు. ఈ అమ్మాయి ఏదీ చెప్పలేదు. పొద్దుటినుంచి ఈ ఇంట్లో ఎక్కడుందో మీరు చూశారా?"

సాయిగణేష్ భార్య వైపు చూశాడు. చూసినట్టు లేదు.

"ఫుట్‌బోర్డు మీద" అన్నాడు మేస్త్రి. "బస్సులో సీటు దొరకనివాళ్ళు ఎక్కడుంటారో అక్కడుంది."

"పర్లేదండీ" అంది శ్రీదుర్గ గబుక్కున. "నేను సర్దుకుపోతానండీ."

ఆ మాట వినేసరికి మేస్త్రి మొహం మారింది. ఈయన కోపిష్టి అని ఆటోనగర్ అంతా చెబుతారు గదా, కోపమొచ్చిందేమో అనుకుంది శ్రీదుర్గ. కోపం కాదు. ఆయన అక్కడే ఇంకో డ్రమ్ము మీద కూలబడ్డాడు.

"ఇరవై ఏళ్ళ కిందట భవానీపురంలో మేం ఇల్లు కట్టుకున్నామమ్మా. వంటగట్టు నేనే పోశాను. మేస్త్రిని కదా, ఇంకొకడి చేత పోయిస్తానా? నా నడుముకి సరిపోయే ఎత్తులో, రాయి పరిచి, అద్దంలా పోశాను. వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేవాణ్ణి. పదకొండేళ్ళ తర్వాత ఒకరోజు జ్వరమొచ్చి పనికెళ్ళలేదు. మంచినీళ్ళ కోసం చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్తే ఈవిడ పీట మీద నుంచుని చారు పోపు పెడుతోంది. నన్ను చూసి కిందికి దిగి, పీటని కాలితో గట్టు కిందికి తోసేసింది. తీసి చూశాను. రెండు పాదాలున్న చోట చెక్క అరిగిపోయి గుంటలు పడ్డాయి. పదకొండేళ్ళు పీటెక్కి వండింది నాకు. ఏంటిదీ అంటే ఏమందో తెలుసా?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ వాళ్ళకి" అంది సాలేహా.

"చెప్పు, ఏమన్నావో."

"ఏమంటాను? సర్దుకుపోయానన్నాను." సాలేహా శ్రీదుర్గ వైపు తిరిగింది. "ఈయన ఆ జ్వరంతోనే సుత్తి తెచ్చి గట్టు పగలగొట్టేశాడమ్మా. రెండ్రోజులు ఇంట్లో వంట లేదు. అయ్యో మంచి రాయండీ అని నేను మొత్తుకుంటే ఏడ్చాడు."

మేస్త్రి కాదనలేదు. "ఊరందరికీ కొలతలు తీసేవాణ్ణి, నా ఇంట్లో మనిషిని కొలవలేదు. అప్పట్నించి నాకు ఒకటే లెక్కమ్మా. సామాను సర్దటం నా పని. ఎంత సామానైనా తెండి, ఎంత ఇరుకు బండైనా తెండి, సర్దుతాను. మనిషి సర్దుకుందంటే మాత్రం నా పని చెడిపోయినట్టు."

మేస్త్రి లేచి, గోనెసంచి నీళ్ళలో ముంచి, నేల మీద ప్లానంతా తుడిచేశాడు. బయటి గోడల గీతలు మాత్రం ఉంచాడు. సుద్దముక్క ఒకటి తీసి శ్రీదుర్గ చేతిలో పెట్టాడు. "ముందు నీ చోటు గీయి తల్లీ. మిగతాది మేం సర్దుతాం."

శ్రీదుర్గ వంగి, తలుపు పక్కన మూలకి ఒక చిన్న చదరం గీసింది. అడుగున్నర ఉంటుంది.

"ఇది బిందె పెట్టుకునే చోటమ్మా" అన్నాడు మేస్త్రి. "నీది గీయి."

శ్రీదుర్గ సుద్దముక్క పట్టుకుని నేల వైపే చూస్తూ, "ఏవండీ, నేను మీతో రాకూడదనుకున్నాను" అంది. "రేపు పదింటికి చల్లపల్లి స్కూలుకి జవాబు చెప్పాలి. చేరతాననే చెబుదామనుకున్నాను. చిన్నిని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను."

సాయిగణేష్‌కి అర్థం కావటానికి కొంచెంసేపు పట్టింది. "ఎప్పట్నించి?"

"మీరు ప్లాను చూపించినప్పట్నించి."

"మరి బాగుందన్నావుగా దుర్గా."

"బాగుందండీ. అందులో నేను లేనంతే."

అతను గోడ మీద తన పేరు కింద ఉన్న ముప్ఫై ఒక్క గీట్ల వైపు, పక్కనున్న ఖాళీ వైపు చూశాడు. తను ఇన్నాళ్ళూ అలాంటి ఖాళీనే చూసి మురిసిపోయాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు మొహంలో దాచుకోవటం కూడా అతనికి చేతకాలేదు. అతని మంచితనం అంతా అందులోనే ఉంది.

"నీకెంత చోటు కావాలో చెప్పు" అన్నాడు చివరికి.

"అదడక్కండి. గీయనివ్వండి" అన్నాడు మేస్త్రి.

ఈసారి శ్రీదుర్గ కూర్చుని గీసింది. ఎడమ కిటికీ పక్కన మూడడుగుల బల్ల. కుర్చీకి చోటు. వెనకాల బోర్డు తగిలించుకునేందుకు గోడ. క్లాసు జరిగేటప్పుడు మూసుకోవటానికి మధ్యలో ఒక జరిపే తలుపు. ఆ తలుపు గీత సాగదీస్తే సరిగ్గా భర్త పరీక్షల బల్ల ఉన్న చోట పడింది. తుడిచేసినా ఆ బల్ల ఎక్కడుందో ఆమెకి కొలతతో సహా తెలుసు. రోజంతా దానికే కదా ఒదిగింది. చెయ్యి ఆగిపోయింది.

సాయిగణేష్ వంగి సుద్దముక్క పట్టుకున్న ఆమె చేతిని పట్టుకుని, ఆ గీతని అవతలి గోడ దాకా లాగాడు. "నా శాంపిళ్ళు వచ్చేది చెరువు గట్టు మీంచేగా" అన్నాడు. "నేనెందుకు లోపల కూర్చోవటం? మేస్త్రిగారూ, వెనక తలుపుకి మడత బల్ల ఒకటి బిగించగలరా? తలుపు తీసి గట్టు మీదే చూసుకుంటాను. ఆ అమ్మోనియా కంపు కూడా ఇంట్లోకి రాదు."

"వానొస్తే?" అంది శ్రీదుర్గ.

"తలుపు పైకి లేచేట్టు పెడితే అదే చూరు" అన్నాడు మేస్త్రి. గొంతులో మళ్ళీ పనివాడి హుషారొచ్చింది. పెన్సిలు చెవి మీంచి దిగింది.

ఆ తర్వాత గంటసేపు వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. పొద్దున మేస్త్రి పోట్లాడుకోమన్నప్పుడు మాటవరసకి అన్నాడనుకున్నారు. అడ్డంగా ఉన్న మంచం పోయి, పొడుగ్గా రెండు బెంచీలొచ్చాయి. రాత్రిళ్ళు మధ్యలో పలకలేస్తే ముగ్గురికీ పక్క. టాయిలెట్ వద్దన్నాడు సాయిగణేష్, చెరువుల దగ్గర రైతుల ఇళ్ళుంటాయిగా అన్నాడు. "మీరు అడుగుతారండీ, నేనడగను" అంది శ్రీదుర్గ. ఉండి తీరాలంది. ఉంది. ఫ్రిజ్జు ఎవరిదన్న దగ్గర గొంతులు లేచాయి. పై అర పెరుగూ కూరగాయలకి, కింద తాళమేసే వేరే పెట్టెలో రొయ్యల శాంపిళ్ళు. "నా పెరుగు పక్కన మీ జబ్బు రొయ్యలు పెట్టారో, చూడండి" అంది. ఆ మాట అంటూ శ్రీదుర్గ గోడ గీత తొక్కేసి షెడ్డు మధ్యకి వచ్చేసింది. తొక్కానని కూడా తెలియదు ఆమెకి. సాలేహా చూసి, లేచి వెళ్ళి, గోడ మీద శ్రీదుర్గ పేరు కింద ఒక గీటు పెట్టి వచ్చి కూర్చుంది.

చీకటి పడేసరికి అంతా అయిపోయింది. "ఎన్ని రోజులు పడుతుందండీ" అని సాయిగణేష్ అడిగాడు. నలభై రోజులన్నాడు మేస్త్రి. రేపు పొద్దున వంటగట్టు ఎత్తు చూసుకోవటానికి అమ్మాయిని పంపమన్నాడు. స్కూలు సంగతి ఎవరూ ఎత్తలేదు. దారిలో ఆటోలో కూడా అతను అడగలేదు. చిన్ని ఒళ్ళో నిద్రపోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని మాత్రం కూర్చున్నాడు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకింకా తెలియదు. ఇవాళ నేల మీద గీసింది చెరువు గట్టు మీద నిలుస్తుందా, ఈ ఆదివారం చూసిన మొగుడు సోమవారానికి కూడా ఉంటాడా అని ఆమె భయం. ఏ ఆడదానికైనా ఉండే భయమే.

సోమవారం అతను ఎప్పటిలాగే తెల్లారకముందే నాగాయలంక బస్సెక్కాడు. ఎనిమిదింటికి అక్కణ్ణుంచి ఒక ఫొటో పంపాడు. చెరువు గట్టు మీద, ఎండలో, ఒక మేతబస్తా అడ్డంగా పడేసి దాని మీద మైక్రోస్కోపు పెట్టుకుని, గొంతుక్కూర్చుని పరీక్ష చేస్తున్నాడు. కింద 'బయట కూర్చున్నా పని అవుతోంది, చూసుకున్నాను. కాకపోతే బల్ల ఎత్తు నా మోకాళ్ళకి సరిపోవాలని మేస్త్రిగారికి చెప్పు' అని రాశాడు. శ్రీదుర్గ ఆ ఫొటో చాలాసేపు చూసింది. బల్ల ఎలా ఉంటుందో కూర్చుని చూసుకున్నాడన్నమాట, ఎవరూ చెప్పకుండానే.

పదింటికి ఆమె చిన్నితో సహా షెడ్డులో ఉంది. మేస్త్రి ప్లైవుడ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చెక్కపలక పెట్టి, ఉల్లిపాయ ఇచ్చి తరగమన్నాడు. ఆమె తరుగుతుంటే ఉల్లిపాయని చూడలేదు, ఆమె భుజాల్ని చూశాడు. "భుజం లేస్తోంది" అని ఒక ముక్క తీసేశాడు. "ఇప్పుడు నడుం వంగుతోంది" అని పల్చటి ముక్క ఒకటి దూర్చాడు. నాలుగోసారికి తలూపి, పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. అరంగుళం కోసం అంత పని. శ్రీదుర్గకి ముప్ఫై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అద్దె ఇళ్ళల్లో గానీ ఒక గట్టు ఆమె ఎత్తుకి వచ్చి నిలబడటం ఇదే మొదలు. చేతిలో ఉల్లిపాయ ఉంది కాబట్టి సరిపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. చల్లపల్లి నుంచి కరస్పాండెంటు గారు.

"ఏమ్మా శ్రీదుర్గా, జూన్‌లో చేరుతున్నట్టేనా?"

"లేదండీ మాస్టారూ, నాకు వేరే చోటు దొరికింది" అంది శ్రీదుర్గ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"అలాగా. ఏ స్కూల్లోనమ్మా?"

"స్కూలు కాదండీ. క్లాసులు ఫోన్లో చెబుతాను. మా ఆయనతో చెరువుల మీద ఉంటాను. సోమవారం నాగాయలంక, బుధవారం కృత్తివెన్ను, శుక్రవారం కైకలూరు."

లెక్కల టీచరు ఇలా లెక్క లేకుండా మాట్లాడటం ఆయనకి కొత్త.

"చిన్నపిల్లతో అంత తిరుగుడేంటమ్మా? మరి ఇల్లో?"

శ్రీదుర్గ చుట్టూ చూసింది. నేల మీద తను గీసుకున్న బల్ల, ఎదురుగా తన ఎత్తుకి నిలబడ్డ గట్టు, దాని కింద దూరి ఆడుకుంటున్న చిన్ని.

"ఇల్లు కూడా మాతోనే వస్తుందండీ."